దొంగతిండి

బస్టాండులో నెలవారీ పాసులిచ్చే కిటికీ వెనక కూర్చునే ఆవిడని అందరూ కిటికీ అక్క అంటారు. అసలు పేరు ఆఫీసువాళ్ళకు తెలుసేమో గానీ, రోజూ వచ్చే జనానికి ఆ పేరుతో పనిలేదు. అద్దంలో అర్ధచంద్రం ఆకారంలో ఒక కంత ఉంటుంది. దాంట్లోంచి చెయ్యి కనిపిస్తుంది, పాస్ వస్తుంది, అంతే.

ఆ గది కట్టినవాడెవడో గానీ మనిషిని మరిచిపోయి కుర్చీ కొలతలు తీసుకుని కట్టాడు. తలుపు లోపలికి తెరుచుకుంటుంది, తెరిస్తే కుర్చీకి కొట్టుకుంటుంది. అక్క లోపలికి వెళ్ళాలంటే పక్కకు తిరిగి, ఊపిరి బిగబట్టి, కుర్చీని బల్లకిందికి తోసి, తలుపు మూసి, మళ్ళీ కుర్చీ లాక్కుని కూలబడాలి. బయటికి రావాలంటే ఇదంతా తిరగేసి చెయ్యాలి, అదీ క్యూలో ఉన్న జనమంతా గుడ్లప్పగించి చూస్తుండగా. అందుకని పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం భోజనాల గంట దాకా లేవదు. లేవాల్సి వస్తుందని నీళ్ళు కూడా తాగదు.

"అక్కా, గది కట్టాక నిన్ను లోపల పెట్టారా, నిన్ను కూర్చోబెట్టి చుట్టూ గది కట్టారా?" అని ఒక డ్రైవరు రోజూ అడుగుతాడు. అక్క నవ్వుతుంది. నవ్వకపోతే ఉడుక్కుందని తెలిసిపోయి రోజూ అదే మాట అంటాడని మొదట్లో నవ్వింది. నవ్వినా రోజూ అదే మాట అంటున్నాడు. ఇప్పుడింక మానడానికి లేకుండా పోయింది.

ఆవిడ లావు మనిషి. చిన్నప్పుడు బొద్దుగా ఉండేది, పెళ్ళినాటికి పుష్టిగా ఉంది అన్నారు, కూతురు పుట్టాక ఇంక మర్యాద మాటలేవీ మిగల్లేదు. ఇంట్లో నలుగురు. మోటార్లకు తీగ చుట్టే పనిచేసే భర్త, ఆయన తల్లి, పదో తరగతి చదివే కూతురు, ఈవిడ. కూతురు పుట్టినప్పుడు అరచేతిలో పట్టేంత ఉందని నానమ్మ పిట్ట అని పిలిచింది. ఆ పిలుపే ఉండిపోయింది.

అత్తగారు చెడ్డమనిషేం కాదు, ఆ మాట ముందే చెప్పేయడం మంచిది. కోడలికి ఒకసారి జ్వరం ముదిరి మంచానపడితే రెండు పూటలా ఒళ్ళు తుడిచి, తల దువ్వి, కన్నతల్లి కూడా చెయ్యనంత చేసింది. కాకపోతే ఒక మాట ఆవిడ బుర్రలోకి వెళ్ళిందంటే మళ్ళీ బయటికి రావడానికి దారి ఉండదు. పిట్ట పుట్టిన ఏడాది కోడలు వంటింట్లో అటు తిరిగి ఏదో నములుతుంటే చూసింది. అది దగ్గుకి బుగ్గన పెట్టుకున్న అల్లం ముక్క. "అల్లమేనా?" అంది అత్తగారు. "అల్లమే అత్తయ్యా," అంది కోడలు. "సరేలే," అంది అత్తగారు. ఆ 'సరేలే'లోనే కొంపంతా మునిగింది.

అప్పట్నుంచి ఆ ఇంట్లో ఒక మాట పుట్టింది. దొంగతిండి. "మనముందు పిడికెడు తింటుంది, మరి ఈ ఒళ్ళెక్కడిది? దొంగతిండి కాకపోతే!" అని అత్తగారు పక్కింటావిడకి చెప్పింది. అది గిట్టక అన్న మాట కాదు. కోడలి ఒళ్ళు తగ్గాలని ఆవిడకూ ఉంది, కారణం దొరికితే కట్టడి చేయొచ్చని ఆశ. కారణం కోసం ఇల్లంతా వెతికింది. బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి చూసింది. పాత మిక్సీ అట్టపెట్టె దులిపింది. వంటింటి తలుపు వెనక వేలాడే వానకోటు జేబులో చెయ్యి పెడితే ఒక నలిగిన బస్సు టికెట్టు దొరికింది. "తినేసి ఉంటుంది," అని నిర్ణయించుకుంది.

పోనీ అందరితో కలిసి కూర్చుని తిందామంటే అక్కకు ముద్ద దిగదు. మూడు జతల కళ్ళు తన పళ్ళెంలోనే ఉన్నట్టుంటుంది. అందుకని అందరికీ వడ్డించి, రెండు ముద్దలు తిన్నాననిపించి, మిగతాది తర్వాత వంటింట్లో గట్టు దగ్గర నిలబడి తింటుంది. భర్త ఎంత తింటాడో అంతే, అంతకు ఒక గరిటె తక్కువే. కానీ ఆ తినడం ఎవరూ చూడలేదు. చూడని తిండికి సాక్ష్యం ఎవరు చెప్తారు? గిన్నె చప్పుడైతే చాలు, ముందు గదిలోంచి అత్తగారి గొంతు వస్తుంది.

"ఏం చేస్తున్నావే అక్కడ?"

"ఏం లేదత్తయ్యా, గిన్నెలు సర్దుతున్నా."

ఏళ్ళ తరబడి అదే ప్రశ్న, అదే జవాబు. 'అన్నం తింటున్నా' అని చెప్తే ఏం పోయేది అని అడగొచ్చు. ఆ ఇంట్లో ఉండి చూడండి, తెలుస్తుంది.

భర్త ఎవరి పక్షమూ కాదు. హాస్యం పక్షం. "మా ఆవిడకి గాలి పీల్చినా వంటబడుతుందండీ, ఫ్యాను కింద కూర్చోబెట్టాలంటే భయం," అని స్నేహితుల ముందు అంటాడు. ఆయన మనసులో ఏమీ ఉండదు. ఏమీ లేకుండా అన్న మాట కాబట్టి కోప్పడటానికీ వీలుండదు, అదే చిక్కు.

ఇవన్నీ అక్కకు అలవాటే. అలవాటు కానిది ఈ మధ్య మొదలైంది. పిట్ట ఒళ్ళు చేయడం మొదలుపెట్టింది. నిరుటి బట్టలు చంకల దగ్గర పట్టేస్తున్నాయి. చిన్నప్పట్నుంచి తన చేత్తో ముద్దలు కలిపి పెట్టిన నానమ్మే ఒకరోజు గరిటె సగంలో ఆపింది. "చాల్లే పిట్టా. ఆ నడుం చూశావా, అచ్చం మీ అమ్మదే," అంది. పిట్ట తలొంచుకుంది. అక్కకు చేతిలో ఉన్న గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

అంతకన్నా ఘోరం ఆ మరుసటి వారం జరిగింది. పిట్ట రెండోసారి కూర వేసుకోబోతుంటే, "ఇప్పుడెందుకే మళ్ళీ?" అన్న మాట అక్క నోట్లోంచే జారింది. పలుకూ విరుపూ అన్నీ అత్తగారివే. పిట్ట తల్లి వంక చూసిన చూపుకి అక్క ప్రాణం చచ్చిపోయింది. ఈ పిల్ల కూడా తనలాగే పక్కకు తిరిగి, ఊపిరి బిగబట్టి, ప్రతి తలుపులోంచీ దూరుతూ బతకాలా? ఆ ఒక్క సంగతి తప్ప ఆవిడకి ఇంక వేరే దిగుల్లేదు.

ఆ రోజుల్లోనే పాస్ మార్పించుకోవడానికి ఒక అమ్మాయి వచ్చింది. విశ్వవిద్యాలయంలో లావు మీద, తిన్నది ఒంట్లో ఎలా ఖర్చవుతుందన్న దాని మీద పరిశోధన చేసే ల్యాబులో పని. పాస్ తీసుకుని కూడా కదలకుండా కంత దగ్గర నసుగుతూ నిలబడింది.

"అక్కా, మీరేం అనుకోకపోతే... మేం ఒంటి మీద... అంటే బరువు మీద..."

"లావు అను తల్లీ. నా చెవులకి అది కొత్తేం కాదు."

ల్యాబ్ అమ్మాయి సిగ్గుపడి, ఊపిరి తీసుకుని చెప్పింది. వాళ్ళ దగ్గర గాలి కూడా బయటికి పోని గది ఒకటుంది. మనిషి అందులో కొన్నాళ్ళుంటే, పీల్చిన గాలీ వదిలిన గాలీ కొలిచి ఒళ్ళు ఎంత ఖర్చుపెడుతోందో చెప్పొచ్చు. తిన్న తిండి కూడా కొలుస్తారు.

"తిన్నదంతా కొలుస్తారా?" అంది అక్క.

"మెతుకుతో సహా."

"దొంగతనంగా తినడానికి వీలుండదా?"

"అస్సలుండదు అక్కా. మీ చేతి సంచి కూడా బయటే."

వెనక క్యూలో ఎవరో గొణుగుతున్నారు. అక్కకు వినపడలేదు. ఇన్నేళ్ళకు తనకొక సాక్షి దొరికింది, అదీ చదువుకున్న సాక్షి. "ఎప్పుడు రమ్మంటావు?" అంది.

భర్తే దిగబెట్టాడు. ల్యాబ్ అమ్మాయి ఆయన ముందే సంచి బోర్లించి, దువ్వెన దగ్గర్నుంచి దగ్గుబిళ్ళల డబ్బా దాకా అన్నీ ట్రేలో పెట్టి తాళం వేసింది. జేబులు తడిమింది. లోపల వేసుకోవడానికి వాళ్ళ బట్టలే ఇచ్చింది. "పోన్లెండి, నన్ను కూడా ట్రేలో పెట్టి ఉంచుకోండి, ఇంట్లో ఒక్కణ్ణే అమ్మ చేతికి చిక్కుతాను," అన్నాడాయన. అందరూ నవ్వారు. తలుపు మూసుకుంటే అంచున ఉన్న రబ్బరు నొక్కుకుని చెవులు దిబ్బడేశాయి.

గదిలో మంచం, కుర్చీ, తొక్కితే ఎక్కడికీ పోని సైకిలు. గోడకు ఒక అద్దం, ఆ అద్దానికి ఇవతల అక్క, అవతల ల్యాబ్ అమ్మాయి. తిండి ఒక కంతలోంచి వస్తుంది. బయటి తలుపు తీసి పళ్ళెం పెట్టి మూస్తారు, అప్పుడు లోపలి తలుపు తీసి తీసుకోవాలి. అక్కకు నవ్వొచ్చింది. ఎక్కడికెళ్ళినా తనకు కంతే రాసిపెట్టి ఉంది.

మొదటి పళ్ళెం సగం తిని కంతలో పెట్టేసింది. గోడకున్న ఫోను మోగింది.

"అక్కా, పళ్ళెం ఖాళీ చెయ్యాలి. మిగిలిస్తే లెక్క తప్పుతుంది."

"చాలమ్మా. ఇంక వద్దు."

"మీరు ఇంట్లో తినేదెంతో మీరు చెప్పిన లెక్క ప్రకారమే పెట్టాం కదా. తినండక్కా. మొత్తం తినండి."

'మొత్తం తిను' అన్న మాట ఆఖరిసారి ఎవరన్నారో అక్కకు గుర్తుకు రాలేదు. బహుశా వాళ్ళమ్మ అయ్యుంటుంది, ఎప్పుడో. అద్దంలోంచి ఆ పిల్ల చూస్తోంటే ముద్ద అసలే దిగలేదు. అది గమనించి ల్యాబ్ అమ్మాయి కుర్చీని అటు తిప్పుకుని కూర్చుంది. "నేను చూడనక్కా. నిదానంగా తినండి," అంది. అక్క ఆ పిల్ల వీపు చూస్తూ, కళ్ళు తుడుచుకుంటూ, అడుగంటా తినేసింది.

తిండి సంగతి అలా తీరింది కానీ ఆ గది మాత్రం ఆవిడని నమిలేసింది. నిద్రపోయినా కొలుస్తారు, కూర్చున్నా కొలుస్తారు. కిటికీ లేదు. గాలి తోలే యంత్రం ఒకటే రొద. రెండో రోజు మధ్యాహ్నం ఉన్నట్టుండి ఒళ్ళంతా చెమటలు పట్టి, లేచి వెళ్ళి తలుపు పిడి పట్టుకుంది. తిప్పితే తెరుచుకుంటుంది, ఆ మాట ముందే చెప్పారు. కానీ తెరిస్తే అప్పటిదాకా కొలిచిందంతా పోతుంది. చెయ్యి పిడి మీదే ఉంచి నిలబడింది. ఇక్కణ్ణుంచి బయటపడి ఎక్కడికెళ్ళాలి? పాసుల గదిలోకి. అక్కణ్ణుంచి? వంటింటి గట్టు దగ్గరికి. పిడి వదిలేసి వచ్చి మంచం మీద కూర్చుంది.

ఆ తర్వాత చాన్నాళ్ళు ఏ కబురూ లేదు. ఒకరోజు ల్యాబ్ అమ్మాయి పాసు పనేమీ లేకుండానే కంత దగ్గరికొచ్చి వంగింది.

"అక్కా, మీది పొదుపు ఒళ్ళు."

"అంటే?"

"ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఒళ్ళు కొంత ఖర్చుపెట్టాలి కదా. మీ ఒళ్ళు మిగతావాళ్ళకన్నా తక్కువ ఖర్చుపెడుతుంది. వాళ్ళు తిన్నంతే మీరు తిన్నా, మీ ఒంట్లో కాస్త మిగులుతుంది. మిగిలింది దాచుకుంటుంది. మీరు తినే తిండి మామూలు తిండేనక్కా."

"ఇంకోసారి చెప్పమ్మా."

"మామూలు తిండే."

"ఇంకొక్కసారి."

క్యూలో ఎవరో "ఏంటక్కా, చుట్టాలొచ్చారా?" అని కేకేశారు. ల్యాబ్ అమ్మాయి ఇంకా ఏదో చెప్పింది. ఇది కొన్ని కుటుంబాల్లో ఎక్కువగా కనిపిస్తోందనీ, పేపర్లో కూడా రాబోతోందనీ, మీకు పిల్లలున్నారా అనీ. అక్క తలూపింది గానీ ఒక్క ముక్కా ఎక్కలేదు. ఆ పూట పాసుల మీద ముద్రలు వేస్తూ ఏడుస్తూనే ఉంది. ముద్రలు మాత్రం ఎక్కడా వంకర పోలేదు.

ఇంట్లో ఎలా చెప్పాలా అని రెండ్రోజులు లోపల్లోపలే మురిసింది. చెప్పేలోగా ఆదివారం పేపర్లో వచ్చేసింది. ముందు గదిలో భర్త పైకి చదివాడు.

"'లావుకి కారణం తిండి కాదు, వంశపు రక్తమే. తేల్చిచెప్పిన విశ్వవిద్యాలయం.' ఏమోయ్, ఇది నువ్వెళ్ళిన చోటేనా?"

"అదే," అంది అక్క. "నాది కూడా చూసి చెప్పారు. నాది పొదుపు ఒళ్ళట. నేను తినేది మామూలు తిండేనట."

అత్తగారు చేతిలో ఉన్న కూరగాయ కింద పెట్టింది. కొడుకు చేతిలోంచి పేపరు లాక్కుని, కళ్ళజోడు లేకపోయినా ఆ అక్షరాల వంక అలాగే చూసింది. చివరికి లేచి, వంటింట్లోకి వెళ్ళి, పళ్ళెంలో అన్నం పెట్టి, కూర వేసి తెచ్చి బల్ల మీద పెట్టింది.

"కూర్చోవే. కూర్చుని తిను," అంది.

క్షమించమన్నది ఆ మాటే. అక్క కూర్చుంది. అందరి ముందూ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. దిగింది. "ఇంట్లో పొదుపన్నదే లేదని నేను నెత్తీ నోరూ బాదుకుంటుంటే, అంతా నీ ఒంట్లోకెళ్ళి కూర్చుందా!" అన్నాడు భర్త. అత్తగారు నవ్వింది. అక్క కడుపారా నవ్వింది.

పిట్ట నవ్వలేదు. పేపరు తీసుకుని, నాన్న చదవకుండా వదిలేసిన కింద భాగం చదివింది. చదివి, మడిచి, బల్ల మీద పెట్టింది. తను తింటున్న పళ్ళెం తీసుకెళ్ళి, అందులో ఉన్నది ఉన్నట్టే వంటింట్లో పెట్టేసి వచ్చింది. అక్క ముద్ద చేత్తో పట్టుకునే పేపరు తిప్పి చూసింది. 'తల్లికి ఉంటే పిల్లలకూ తప్పదు' అని ఉంది. ల్యాబ్ అమ్మాయి అడిగిన ప్రశ్న అప్పుడు బుర్రకెక్కింది.

మర్నాటి నుంచి పిట్ట తిండి మానేసింది. పొద్దున టీ, రాత్రి ఏదో కొరికాననిపించడం. నానమ్మ ముద్దలు కలిపి వెంటబడింది. అవే చేతులు, ఆ మధ్య గరిటె ఆపిన చేతులు.

"తినవే నా తల్లీ, కళ్ళు పీక్కుపోయాయి."

"నా ఒళ్ళు దాచుకుంటుందిగా నానమ్మా. దాచుకున్నది తిననీ."

అక్క ల్యాబుకి పరిగెత్తింది. ల్యాబ్ అమ్మాయి పేపరు పేరెత్తగానే తల పట్టుకుంది. "తప్పదు అని మేమెక్కడా అనలేదక్కా. అది మొగ్గు మాత్రమే. అటువైపు కాస్త మొగ్గు ఉంటుంది, అంతే. కొందరికి రానే రాదు. పాపని తీసుకురండి, మీలాగే కొలిచి చూద్దాం, తెలిసిపోతుంది," అంది. అక్క అద్దంలోంచి ఆ గది వంక చూసింది. లోపల ఎవరో మగమనిషి మంచం మీద కూర్చుని గోడ చూస్తున్నాడు. అక్కడ పిట్టను ఊహించుకుంది. లేదంటే సరే. ఉందంటే? అప్పుడింక పేపరు మీద కూడా నెపం వెయ్యడానికుండదు. సంచి సర్దుకుని వచ్చేసింది.

"మొగ్గు మాత్రమేనట పిట్టా," అంది ఇంటికొచ్చి.

"మొగ్గంటే రేపు పువ్వే కదమ్మా," అంది పిట్ట. వేళాకోళంగా అనలేదు, నీరసంగా అంది. ఆ వారంలోనే బళ్ళో మెట్లెక్కుతూ సగంలో కూలబడితే టీచరు ఇంటికి పంపించేసింది.

ఆ సాయంత్రం పిట్ట మంచం మీద పడుకుని ఉంది. నానమ్మ పాదాల దగ్గర, నాన్న గుమ్మంలో. ఆయనకు కూడా హాస్యం రావట్లేదు. అక్క పళ్ళెంతో వచ్చి పక్కన కూర్చుంది. పిట్ట పళ్ళెం చూడకుండా తల్లి మొహంలోకి చూసింది.

"అమ్మా, ఒకటడుగుతా, నిజం చెప్తావా?"

"అడుగు."

"నానమ్మ అన్నట్టు నువ్వు దొంగతిండి తినేదానివి కాదు కదా? నిజంగా ఏమీ తినలేదు కదా? అయినా ఇలాగే అయ్యావు కదా?"

ఏళ్ళుగా అక్క ఈ ప్రశ్న కోసమే ఎదురుచూసింది. నువ్వు తినలేదు కదా అని ఒక్కరు, ఇంట్లో ఒక్కరంటే ఒక్కరు అడుగుతారా అని. అడిగితే ఏం చెప్పాలో మనసులో ఎన్నిసార్లు అనుకుందో. ఇప్పుడు అడిగింది, అదీ కన్నకూతురు. జవాబు నాలుక చివర సిద్ధంగా ఉంది. చేతిలో సాక్ష్యం కూడా ఉంది. అత్తగారు ఎదురుగానే కూర్చుంది. కానీ ఆ జవాబు తను చెప్పిందంటే ఈ పిల్ల ఇంక పళ్ళెం ముట్టుకోదు.

"తిన్నాను," అంది అక్క.

పిట్ట లేచి కూర్చుంది. "ఏంటి?"

"తినేదాన్నే. మీ నానమ్మ అన్నదే నిజం."

అబద్ధం కట్టడానికి ఆవిడ కష్టపడాల్సిన పనే లేకపోయింది. దొంగతిండి ఎలా తింటారో ఆవిడకి తెలియదు గానీ, ఎక్కడ దాస్తారో అత్తగారు ఏళ్ళ తరబడి చెప్తూనే ఉంది. "బియ్యం డబ్బా అడుగున బిస్కెట్లు పెట్టేదాన్ని," అంది. "పాత మిక్సీ అట్టపెట్టెలో కూడా. వానకోటు జేబులో ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేది. బస్టాండులో ముద్రల సొరుగు నిండా అదే."

"నేను చెప్పలా!" అంది అత్తగారు. అంది గానీ వెంటనే నోటి మీద చెయ్యేసుకుంది. ఆవిడ కళ్ళు మాత్రం వెలిగాయి. ఎంత ప్రేమ ఉన్నా, తన మాట నెగ్గినప్పుడు మనిషి కళ్ళు ఆగవు.

"మరి ల్యాబులో? అక్కడ కొలిచారుగా," అంది పిట్ట.

"అక్కడికీ పట్టుకెళ్ళాను. బట్టల్లో దాచి. వాళ్ళకేం తెలుసు? దాన్ని బట్టే నాది పొదుపు ఒళ్ళు అన్నారు. నా లెక్కంతా తప్పుల తడక. నీకూ దానికీ ఏ సంబంధం లేదు. నీది మామూలు ఒళ్ళు. మామూలుగా తిను, మామూలుగానే ఉంటావు."

గుమ్మంలో నిలబడ్డ భర్త ఒక్కసారి తలెత్తాడు. దగ్గుబిళ్ళల డబ్బా కూడా ట్రేలో పెట్టించుకోవడం ఆయన కళ్ళారా చూశాడు. నోరు తెరిచాడు. అక్క ఆయన వంక చూసింది. ఆయన నోరు మూసుకుని, గోడకేసి తిరిగి, పని లేకపోయినా స్విచ్చు బోర్డు తడుముతూ నిలబడ్డాడు.

పిట్ట తల్లిని కిందినుంచి పైదాకా చూసింది. జాలి పోయి, అక్కడ ఇంకేదో వచ్చి కూర్చుంది.

"ఛీ," అంది. "అయితే నువ్వు తిని, నన్ను తినొద్దన్నావా? ఇప్పుడెందుకే మళ్ళీ అని నన్నన్నావా?"

"అన్నాను. తప్పే."

"నీవల్ల నేను చచ్చిపోయేదాన్నమ్మా!"

పిట్ట పళ్ళెం లాక్కుంది. అటు తిరిగి, తల్లి మొహం కనబడకుండా కూర్చుని, కోపంకోపంగా పెద్ద ముద్దలు కలిపి మింగడం మొదలుపెట్టింది. నానమ్మ, "నెమ్మదిగా, నెమ్మదిగా నా తల్లీ," అంటూ వీపు రాసింది. అక్క ఆ వీపు వంక, నములుతున్నప్పుడు కదిలే ఆ దవడ వంక, కళ్ళతో తాగేస్తున్నట్టు చూసింది. పళ్ళెం ఖాళీ అయింది. "ఇంకొంచెం," అంది పిట్ట, తల్లితో కాదు, నానమ్మతో.

అందరి భోజనాలూ అయ్యాక అక్క వంటింట్లోకి వెళ్ళింది. ఆ రోజు పొద్దున్నుంచి ఏమీ తినలేదు. పళ్ళెంలో అన్నం పెట్టుకుని గట్టు దగ్గర నిలబడింది. ఇప్పుడింక బల్ల దగ్గర కూర్చోవడానికి లేదు. కూర్చుంటే పిట్ట లేచిపోతుంది. గరిటె గిన్నెకి తగిలి చిన్న చప్పుడైంది.

ముందు గదిలోంచి అత్తగారి గొంతు వచ్చింది.

"ఏం చేస్తున్నావే అక్కడ?"

నోట్లో ముద్ద ఉంది. గబుక్కున మింగేసింది.

"ఏం లేదత్తయ్యా. గిన్నెలు సర్దుతున్నా."

"ఆహా," అంది అత్తగారు. "సర్దు, సర్దు." ఆ వెనకే పిట్ట నవ్వు వినపడింది.